సింగరేణి బొగ్గు గనులలో మానవవనరుల సుస్థిరత: చారిత్రక పరిశీలన (1889–2024)

వ్యాససంగ్రహం:

మానవవనరుల నిర్వహణలో 'సుస్థిరత' గత పాతికేళ్లుగా ప్రధాన పరిశోధనాంశంగా ఎదిగింది. సంస్థ శ్రామికశక్తిని వాడుకొంటూనే ఆ శక్తి పుట్టి పెరిగే మూలాన్ని కాపాడగలుగుతున్నదా అన్నది ఈ పరిశోధనలో కేంద్ర ప్రశ్న. తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గని కార్మికుని శ్రమ పునరుత్పత్తి అయ్యే చోటు అతని కుటుంబం. ఆ కుటుంబ పోషణ భారాన్ని సంస్థ ఏ కాలంలో ఎంతమేరకు మోసింది, ఏ కాలంలో ఇతరులపైకి బదిలీ చేసింది అన్నదాన్నిబట్టి సుస్థిరతను అంచనా వేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుస్థిర మానవవనరుల నిర్వహణ, సింగరేణి, బొగ్గు గని కార్మికులు, వారసత్వ ఉద్యోగాలు, కాంట్రాక్టు శ్రమ, న్యాయబద్ధ పరివర్తన.

1. ప్రవేశిక:

సుస్థిరత అనే భావన మొదట రూపుదిద్దుకొన్నది గనుల ప్రాంతంలోనే. జర్మనీలోని సాక్సనీ రాజ్యంలో గనుల పాలనాధికారిగా పనిచేసిన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో అటవీ నిర్వహణపై ఒక గ్రంథం ప్రచురించాడు. వెండి గనులకు, ఖనిజాన్ని కరిగించే కొలిమిలకు కలప విపరీతంగా అవసరమయ్యేది. అడవి తరిగిపోతే గని కూడా ఆగిపోతుందని అతడు గుర్తించాడు. అడవి ఎంత పెరుగుతుందో అంతమేరకే నరకాలన్నది అతని వాదన సారాంశం. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక 'సుస్థిరాభివృద్ధి'ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చేనాటికి ఈ ఆలోచన వయస్సు రెండున్నర శతాబ్దాలు దాటింది.

గనికి కలపతోపాటు మనుషులూ కావాలి. బొగ్గు ఒకసారి తవ్వితే మళ్లీ పుట్టదు. అడవి పెరుగుతుంది. శ్రమ కూడా అడవి వంటిదే. విశ్రాంతి, తిండి, వైద్యం, చదువు, తర్వాతి తరం అనేవి ఉంటేనే అది మళ్లీ చిగురిస్తుంది. ఈ పోలికను మానవవనరుల శాస్త్రంలోకి తెచ్చినవారు కూడా జర్మన్ పరిశోధకులే. గెయోర్గ్ ముల్లర్-క్రిస్ట్, ఆండ్రియాస్ రేమర్ 1990ల చివర, సంస్థ వాడుకొనే వనరుకూ ఆ వనరు తిరిగి పుట్టడానికీ మధ్య సమతుల్యతగా సుస్థిరతను వివరించారు. 2009లో ఇనా ఎనెర్ట్ తన గ్రంథంలో దీనిని విస్తరించి, సంస్థాగత లక్ష్యాలను సాధిస్తూనే మానవవనరుల పునాదిని దీర్ఘకాలం పునరుత్పత్తి చేయడం, ప్రతికూల ప్రభావాలను అదుపులో ఉంచడం సుస్థిర మానవవనరుల నిర్వహణ లక్షణాలని ప్రతిపాదించింది. సుస్థిరత చర్చలో భౌతిక పర్యావరణానికి దక్కుతున్న శ్రద్ధ మనుషులకు దక్కడం లేదని 2010లో జెఫ్రీ ఫెఫర్ విమర్శించాడు. వ్యూహాత్మక మానవవనరుల నిర్వహణ తర్వాతి దశ ఇదేనా అన్న ప్రశ్నను 2014లో రాబిన్ క్రామర్ చర్చకు పెట్టింది.

ఈ రంగంలో వస్తున్న అధ్యయనాలలో ప్రశ్నావళి ఆధారిత సర్వేలది పెద్ద భాగం. ఒక నిర్ణీత సమయంలో ఉద్యోగుల సంతృప్తి, నిబద్ధత, పని ఒత్తిడి వంటి అంశాలను అవి కొలుస్తాయి. అయితే పునరుత్పత్తి తరాల మీద జరిగే ప్రక్రియ. దానిని గమనించడానికి చరిత్ర అవసరం. నూట ముప్పై ఏళ్లకు పైబడిన అవిచ్ఛిన్న చరిత్ర, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించిన ఉద్యోగాలు, ఒకే తరంలో మూడింట రెండు వంతుల మేర తగ్గిన కార్మికుల సంఖ్య సింగరేణిని ఇటువంటి అధ్యయనానికి అనువైన క్షేత్రంగా నిలుపుతున్నాయి.

2. గని, ఊరు, కుటుంబం (1889–1948):

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలలో అధికభాగాన్ని కొనుగోలు చేసింది. ఇల్లందులో మొదలైన తవ్వకం కొత్త నిక్షేపాల వెంట బెల్లంపల్లి, కొత్తగూడెం ప్రాంతాలకు విస్తరించింది.

గని పని వ్యవసాయ పనికి పూర్తిగా భిన్నమైనది. చీకటి, ఉక్కపోత, పైకప్పు కూలే భయం, విషవాయువులు, గడియారం ప్రకారం మారే షిఫ్టులు పల్లె మనిషికి కొత్త. భూగర్భంలో పేల్చిన బొగ్గును తట్టా చెమ్మస్సులతో ఎత్తి టబ్బులలో నింపే ఫిల్లరు శ్రమ మీద ఉత్పత్తి ఆధారపడి ఉండేది. ఇటువంటి పనికి మనుషులను రప్పించడం ఒక సమస్య, వచ్చినవారిని నిలుపుకోవడం మరొక సమస్య. వాన పడితే సేద్యానికి తిరిగి వెళ్లే కార్మికునితో ఏడాది పొడవునా గని నడవదు. అందుచేత గని చుట్టూ నివాసాలు, ఆసుపత్రి, బజారు ఏర్పడ్డాయి. కార్మికుని కుటుంబాన్ని గని దగ్గరకు తేవడం శ్రామికశక్తిని స్థిరపరచే తొలి పద్ధతి అయింది.

ఈ దశలో సంస్థ కల్పించిన సౌకర్యాలను కేవలం దయగా భావించడం చరిత్రకు సరిపోదు. శ్రమ సరఫరా నిలకడగా ఉండటం సంస్థకు అవసరం. అలాగే వాటిని పూర్తిగా యాజమాన్య వ్యూహంగా చూడడం కూడా అసంపూర్ణమే. 1940లలో మగ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్, దేవూరి శేషగిరి వంటి నాయకుల కృషితో సింగరేణిలో కార్మికసంఘం బలపడింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో శేషగిరి ప్రాణాలు కోల్పోయాడు. పని గంటలు, వేతనం, మనిషిగా గౌరవం అన్నవి ఈ సంఘటిత ఒత్తిడి వల్లనే హక్కుల రూపం పొందాయి. నేటి పరిశోధన 'మానవవనరుల పునాది' అని పిలిచేదానిని నిలబెట్టడంలో కార్మికసంఘం పాత్ర యాజమాన్యం పాత్రకు ఏమాత్రం తీసిపోదు.

3. చట్టం గుర్తించిన శరీరం (1948–1990):

స్వాతంత్ర్యానంతర చట్టాలు పునరుత్పత్తి భారంలో కొంత భాగాన్ని సంస్థపై స్పష్టంగా ఉంచాయి. 1947లో బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం, 1948లో బొగ్గు గనుల భవిష్యనిధి చట్టం, 1952లో గనుల చట్టం వచ్చాయి. వీటిలో గనుల చట్టంలోని ఒక అంశం ఈ చర్చకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. వేతనంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత పొందాలంటే భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదికి 190 హాజరులు సరిపోయేవి. ఉపరితలంలో పనిచేసేవారికి 240 కావలసివచ్చేది. భూగర్భ కార్మికునికి ప్రతి 15 హాజరులకు ఒక రోజు, ఉపరితల కార్మికునికి ప్రతి 20 హాజరులకు ఒక రోజు సెలవు జమ అయ్యేది. చీకటిలో చేసే పని శరీరాన్ని ఎక్కువగా అరగదీస్తుందని, అరిగినదానిని పూడ్చడానికి అధిక విరామం కావాలని చట్టం అంగీకరించిందన్నమాట. వనరు వినియోగానికీ పునరుత్పత్తికీ మధ్య సమతుల్యత అనే సిద్ధాంతం పరిశోధన గ్రంథాలలో కనబడడానికి దశాబ్దాల ముందే హాజరుపట్టీలోకి వచ్చింది.

1956లో సంస్థ యాజమాన్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. 1960 నుంచి కేంద్ర ప్రభుత్వం కూడా భాగస్వామి అయింది. ప్రస్తుతం రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. దేశంలో ప్రైవేటు బొగ్గు గనుల జాతీయకరణ 1973లో పూర్తయ్యేసరికి సింగరేణి అప్పటికే ప్రభుత్వ సంస్థ. 1975 జనవరి 1 నుంచి అమలైన మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం దేశవ్యాప్తంగా వేతనాలకు ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. విధి నిర్వహణలో మరణించిన, లేదా శాశ్వతంగా పనికి అశక్తుడైన కార్మికుని కుటుంబంలో ఒకరికి ఉద్యోగం కల్పించే ఏర్పాటు ఈ ఒప్పందాల వరుసలో బలపడింది.

ఈ ఏర్పాటు ప్రాధాన్యాన్ని సరిగా గ్రహించాలి. సాధారణ సంస్థ కార్మికుడికి వేతనం ఇచ్చి ఊరుకొంటుంది. తర్వాతి తరం కార్మికుణ్ణి కుటుంబం, సమాజం, విద్యావ్యవస్థ తయారుచేస్తాయి. గనిలో మాత్రం కుటుంబం అంతా గనికి చెందినదిగా మారింది. గని ఇంట్లో పుట్టినవాడు గని వైద్యంతో, గని బడి చదువుతో పెరిగి, బదిలీ వర్కరుగానో జనరల్ మజ్దూరుగానో అదే గనిలో అడుగుపెట్టాడు. పని నైపుణ్యం, ప్రమాదాల పట్ల మెలకువ, సంఘజీవనం ఇంటిమాటలలోనే అతనికి అందాయి. మానవవనరుల పునాది ఇక్కడ ఒక ఇల్లు.

ఈ పద్ధతిలోని అన్యాయాలను కూడా గుర్తించాలి. 1952 చట్టంలోని 46వ సెక్షను స్త్రీలను భూగర్భ పనినుంచి నిషేధించింది. అందువల్ల ఆచరణలో గని ఉద్యోగం ప్రధానంగా తండ్రి నుంచి కొడుకుకు వెళ్లింది. ఇంటిల్లిపాది శ్రమను మళ్లీ మళ్లీ నిలబెట్టిన స్త్రీ పనికి హాజరుపట్టీలో చోటు లేదు. షిఫ్టుల ప్రకారం వంట, నీళ్లు, గాయపడినవారి సేవ, పిల్లల పెంపకం ఆమె మీదనే నడిచాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో భూగర్భ గనుల్లో స్త్రీల నియామకానికి అనుమతి ఇచ్చేవరకు ఈ స్థితి కొనసాగింది. గని కుటుంబం వెలుపల, అదే ప్రాంతంలో నివసించే నిరుద్యోగులకు కూడా ఈ ద్వారం మూసే ఉంది.

4. సంక్షోభం, సంస్కరణ (1981–2003):

1981 సింగరేణి చరిత్రలో ఒక మలుపు. నోటీసు లేకుండా చేసే ఒక్క రోజు సమ్మెకు 8 రోజుల వేతనం కోత పెట్టే నిబంధనను వ్యతిరేకిస్తూ కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఈ పోరాట నేపథ్యంలోనే సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడింది. తర్వాతి దశాబ్దమంతా విడివిడి గనుల్లో, విడివిడి సమస్యలపై లెక్కలేనన్ని చిన్న సమ్మెలు జరిగాయి. సంఘాల మధ్య పోటీ, పోలీసు నిర్బంధం, యాజమాన్యంపై అవిశ్వాసం కలిసి సంప్రదింపుల వ్యవస్థను దెబ్బతీశాయి.

1990–91 నాటికి సంస్థలో సుమారు 1,16,000 మంది పనిచేస్తున్నారు. ఉత్పత్తి సుమారు 1 కోటి 77 లక్షల టన్నులు. నష్టాలు పేరుకొనడంతో 1990లలో సంస్థ రెండుసార్లు పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి ముందుకు వెళ్లింది. మూసివేత ముప్పు నిజమైనది. అప్పుల చెల్లింపులో వెసులుబాటు, యాంత్రీకరణ, ఓపెన్‌కాస్ట్ గనుల విస్తరణ, సిబ్బంది తగ్గింపు, క్రమశిక్షణ అనే మార్గాల్లో సంస్కరణ సాగింది. 1997–98 నుంచి సంస్థ లాభాల్లోకి వచ్చింది. 1998లో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకొనే విధానం మొదలై సంప్రదింపులకు ఒక చట్రం ఏర్పడింది. ప్రభుత్వరంగ సంస్థ మూతపడకుండా నిలబడటం సామాన్య విషయం కాదు. యాజమాన్య అధ్యయనాలలో దీనిని పునరుజ్జీవనానికి నిదర్శనంగా చెప్పడంలో న్యాయం ఉంది.

అయితే ఈ విజయానికి మూల్యం ఎక్కడ జమకట్టాలన్నది ప్రశ్న. సిబ్బంది తగ్గింపు మూడు దారుల్లో జరిగింది. మొదటిది స్వచ్ఛంద పదవీవిరమణ. కార్మికులు దీనిని 'గోల్డెన్ హ్యాండ్‌షేక్' అనే మాటతోనే గుర్తుపెట్టుకొన్నారు. రెండవది గైర్హాజరీపై కఠిన చర్య. ఏడాదికి 100 మస్టర్లు నిండలేదన్న కారణంతో ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. మూడవది ఖాళీలను భర్తీ చేయకపోవడం. ఈ కాలంలోనే స్వచ్ఛందంగా వైదొలిగే కార్మికుని స్థానంలో అతని బిడ్డను చేర్చుకొనే పద్ధతి నిలిచిపోయింది. ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చినకొద్దీ ఫిల్లరు అన్న వృత్తే కనుమరుగయింది.

గైర్హాజరీని మనం రెండు విధాలుగా చదవవచ్చు. యాజమాన్యం దృష్టిలో అది క్రమశిక్షణ లోపం. పునరుత్పత్తి దృష్టితో చూస్తే, అరిగిపోయిన శరీరం, మద్యపానం, అప్పులు, కుటుంబంలోని అనారోగ్యం, సేద్యంతో తెగని బంధం వంటి అనేక కారణాలు దాని వెనుక ఉంటాయి. ఈ కారణాలలో కొన్ని వ్యక్తివి, మరికొన్ని పనివి. ఉద్యోగం నుంచి తొలగించినప్పుడు ఈ రెండు రకాల కారణాల భారమూ ఒక్కసారిగా ఇంటి మీద పడుతుంది. సంస్థ ఖాతాలో అది వ్యయం తగ్గింపుగా కనబడుతుంది.

భద్రత విషయంలోనూ ఈ కాలం చేదు పాఠాలను మిగిల్చింది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఉత్పాదకత పెరిగిన సంవత్సరాలలో సంభవించిన ఈ దుర్ఘటన, మానవవనరుల సుస్థిరతకు ప్రాణరక్షణే తొలి షరతని తెలియజేస్తుంది.

5. ఉత్పాదకత అంకెలు చెప్పేవీ, చెప్పనివీ (2003–2024):

2023–24లో సింగరేణి 7 కోట్ల టన్నులకు కొద్దిగా పైన బొగ్గు ఉత్పత్తి చేసింది. ఆ సంవత్సరపు లాభాల నుంచి 796 కోట్ల రూపాయలను, పంపిణీకి నిర్ణయించిన మొత్తంలో 33 శాతంగా, 41,837 మంది శాశ్వత ఉద్యోగులకు పంచారు. ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. 1990–91లో ఒక ఉద్యోగికి ఏడాదికి సగటున సుమారు 150 టన్నుల ఉత్పత్తి వచ్చింది. 2023–24లో అది సుమారు 1,670 టన్నులు. పెరుగుదల 11 రెట్లు.

ఈ 11 రెట్లలో శ్రమ సామర్థ్యం వాటా ఎంత? ఉత్పత్తిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వస్తున్నది. కాబట్టి పెరుగుదలలో పెద్ద భాగం తవ్వే విధానం మారడంవల్ల వచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు తీయడానికి ముందు దాని పైనున్న మట్టిని, రాతిని తొలగించాలి. ఈ పనిలో అధికభాగం ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. వారి కార్మికులు సంస్థ ఉద్యోగుల సంఖ్యలో లేరు. వారి శ్రమ ఫలితం మాత్రం ఉత్పత్తిలో ఉంది. అంటే భాగహారంలో పైనున్న అంకెలో వారున్నారు, కింది అంకెలో లేరు.

2024లో తొలిసారిగా సుమారు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయల చొప్పున లాభాల బోనస్ ప్రకటించారు. ఈ సంఖ్యను మాత్రమే కలిపి లెక్కించినా తలసరి ఉత్పత్తి 1,670 నుంచి సుమారు 1,050 టన్నులకు దిగుతుంది. పాత కాలంతో పోలిస్తే పెరుగుదల 7 రెట్లకు తగ్గుతుంది. ఉత్పాదకత నిజంగానే పెరిగింది. అయితే పెరిగినట్లు కనబడేదానిలో కొంత భాగం లెక్కించే పద్ధతి నుంచి పుట్టింది.

అదే సంవత్సరం శాశ్వత ఉద్యోగికి అందిన లాభాల వాటా సగటున 1 లక్షా 90 వేల రూపాయలు. కాంట్రాక్టు కార్మికునికి 5,000. రెంటి మధ్య దూరం 38 రెట్లు. తొలిసారిగా వారిని లాభాల్లో భాగస్వాములుగా గుర్తించడం చరిత్రాత్మకమే. అంతకుముందు 2022 సెప్టెంబరులో వేతనాల పెంపు కోసం కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేసిన సంగతి ఈ గుర్తింపు నేపథ్యంలో మరువరానిది. 1940లలో శాశ్వత కార్మికులు ఏ అడుగులు వేశారో, 2020లలో కాంట్రాక్టు కార్మికులు అవే అడుగులు మళ్లీ మొదటినుంచి వేయవలసి వచ్చింది.

కాంట్రాక్టు కార్మికుని కుటుంబాన్ని శాశ్వత కార్మికుని కుటుంబంతో పోల్చి చూస్తే ఈ వ్యాసం వాదన తేటపడుతుంది. శాశ్వత ఉద్యోగి ఇంటికి క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, భవిష్యనిధి, మరణిస్తే వారసునికి ఉద్యోగం అనే రక్షణలున్నాయి. అదే గనిలో, అదే దుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కార్మికుని ఇంటికి వీటిలో అధికభాగం అందదు. అతని ఆరోగ్యం, పిల్లల చదువు, వృద్ధాప్యం అన్నిటి ఖర్చునూ ఇల్లే భరిస్తుంది. సంస్థ ఒకప్పుడు మోసిన పునరుత్పత్తి భారం మాయం కాలేదు. అది ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి చేరింది. ఓపెన్‌కాస్ట్ గనుల కోసం భూములు, ఊళ్లు వదులుకొన్న కుటుంబాలు కూడా ఈ భారాన్ని మరో రూపంలో మోస్తున్నాయి.

6. వారసత్వ ఉద్యోగం: హక్కా, అసమానతా?

తెలంగాణ ఉద్యమంలో సింగరేణి కార్మికుల పాత్ర ప్రముఖమైనది. 2011 సకల జనుల సమ్మెలో వారు పాల్గొనడంతో బొగ్గు సరఫరా దెబ్బతిని ఉద్యమ ప్రభావం రాష్ట్రమంతటా కనబడింది. రాష్ట్రం ఏర్పడిన తర్వాత వారసత్వ ఉద్యోగాల పునరుద్ధరణ ప్రధాన కోరికగా ముందుకు రావడం సహజం. 2016లో ప్రకటించిన పథకాన్ని 2017లో ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వారసత్వంగా సంక్రమించడం రాజ్యాంగంలోని సమానావకాశ సూత్రానికి విరుద్ధమన్నది తీర్పు సారం. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. తర్వాత వైద్యపరంగా అశక్తులైన కార్మికుల బిడ్డలకు కారుణ్య నియామకాల రూపంలో ఉద్యోగాలు ఇవ్వసాగారు. 2024లో ఈ నియామకాలకు గరిష్ఠ వయోపరిమితిని 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు.

ఈ వివాదంలో రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి సమానత్వ న్యాయం. గని ఇంట్లో పుట్టనివారికీ గని ఉద్యోగంలో పోటీపడే హక్కు ఉంది. రెండవది పరిహార న్యాయం. ముప్పై ఏళ్లు భూగర్భంలో శరీరాన్ని అరగదీసుకొన్న కుటుంబానికి సంస్థ ఋణపడి ఉంది. న్యాయస్థానం మొదటి న్యాయాన్ని సమర్థించి, అశక్తత అనే ఇరుకైన దారిలో రెండవదానికి చోటు మిగిల్చింది. దీని పర్యవసానం ఆలోచింపదగినది. బిడ్డకు ఉద్యోగం రావాలంటే తండ్రి రోగి అని వైద్య మండలి ధ్రువీకరించాలి. ఆరోగ్యంగా ఉన్న కార్మికుడు తన ఆరోగ్యాన్నే అడ్డంకిగా భావించే స్థితి ఏర్పడింది. శ్రామికుని ఆరోగ్యాన్ని కాపాడడం సుస్థిరత లక్ష్యమైతే, అనారోగ్యానికి ప్రతిఫలం ముడిపెట్టే ఏర్పాటు ఆ లక్ష్యానికి ఎదురుగా నడుస్తుంది. ఈ తప్పును కార్మికుని నైతికతలో వెదకడం పొరపాటు. అది ఏర్పాటులోనే ఉంది.

మరొక మార్పు కూడా గమనించదగినది. నేడు ఈ నియామకాలలో చేరుతున్నవారిలో డిగ్రీలు, ఇంజనీరింగు చదివిన యువకులున్నారు. వారు బదిలీ వర్కర్లుగా, జనరల్ మజ్దూర్లుగా చేరుతున్నారు. కుటుంబం చదివించి పెంచిన నైపుణ్యాన్ని సంస్థ వాడుకోలేకపోతే అది కూడా వనరు వృథాయే.

7. బొగ్గు తర్వాత:

2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ న్యాయబద్ధ పరివర్తనకు మార్గదర్శకాలు ప్రచురించింది. అదే ఏడాది కుదిరిన పారిస్ ఒప్పంద పీఠికలో శ్రామికులకు న్యాయబద్ధ పరివర్తన ఆవశ్యకత ప్రస్తావనకు వచ్చింది. సింగరేణి కూడా తన పరిధిని మార్చుకొంటున్నది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల తాపవిద్యుత్ కేంద్రం 2016 నుంచి విద్యుదుత్పత్తి చేస్తున్నది. 300 మెగావాట్ల లక్ష్యంతో సౌరవిద్యుత్ కార్యక్రమం చేపట్టింది. ఒడిశాలోని నైనీ బొగ్గు క్షేత్రాన్ని పొందింది.

వీటిలో ఏదీ భూగర్భ గని ఇచ్చినన్ని ఉద్యోగాలను ఇవ్వదు. సౌరఫలకాలకు ఫిల్లర్లు అక్కరలేదు. నైనీలో బొగ్గు దొరికినా ఇల్లందు, బెల్లంపల్లి యువకులకు అక్కడ ఉపాధి దొరుకుతుందన్న హామీ లేదు. ఇప్పుడు 30 ఏళ్ల వయసులో చేరుతున్న కార్మికుడు 61 ఏళ్ల పదవీవిరమణ వరకు పనిచేయాలంటే 2050ల దాకా గని ఉండాలి. గని ఆయుష్షు, కార్మికుని సేవాకాలం కలిసి నడుస్తాయా అన్నది ఇకపై నియామక ప్రణాళికలో మొదటి ప్రశ్న కావాలి.

పాత గని ఊళ్ల అనుభవం ఇక్కడ హెచ్చరికగా నిలుస్తుంది. బెల్లంపల్లిలో భూగర్భ గనులు మూతపడినకొద్దీ కార్మికులు వేరే ప్రాంతాలకు బదిలీ అయ్యారు. వారి వెంట బజారు, బడి, ఉపాధి కూడా తరిగాయి. శాశ్వత ఉద్యోగికి బదిలీ అనే దారి ఉంది. ఆ ఉద్యోగి వేతనంపై బతికిన దర్జీకి, కూరగాయలమ్మే మనిషికి, ఆటో నడిపేవాడికి ఆ దారి లేదు.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. సింగరేణిలో మానవవనరుల పునరుత్పత్తి గని కుటుంబం ద్వారా జరిగింది. యాజమాన్య అవసరం, కార్మికసంఘ ఒత్తిడి, చట్టం అనే మూడు శక్తులు కలిసి ఆ కుటుంబాన్ని నిలబెట్టాయి.

2. 1990ల సంస్కరణ సంస్థను కాపాడింది. అయితే పునరుత్పత్తి భారంలో గణనీయమైన భాగాన్ని తొలగింపునకు గురైనవారి ఇళ్లకు, కాంట్రాక్టు కార్మికుల ఇళ్లకు బదిలీ చేసింది.

3. తలసరి ఉత్పత్తి వంటి సూచికలు శాశ్వత ఉద్యోగులను మాత్రమే లెక్కించినంతకాలం సుస్థిరతను అధికంగా చూపిస్తాయి.

4. వారసత్వ ఉద్యోగం పరిహార న్యాయానికి రూపం. అది సమానత్వ న్యాయంతో ఘర్షిస్తుంది. అనారోగ్యానికి ఉద్యోగాన్ని ముడిపెట్టడం ఈ ఘర్షణకు సరైన పరిష్కారం కాదు. ఆరోగ్యంగా పదవీవిరమణ పొందినవారి పిల్లలకు వృత్తివిద్య, ఉపకారవేతనాలు, ఇతర రంగాలలో ఉపాధి శిక్షణ కల్పించడం రెండు న్యాయాలకూ దగ్గరగా ఉంటుంది.

భారత సెక్యూరిటీస్, ఎక్స్చేంజ్ బోర్డు నమోదిత సంస్థలలో అగ్రశ్రేణి వేయింటికి నిర్దేశించిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో శాశ్వత ఉద్యోగులను, శాశ్వతేతరులను వేరువేరుగా చూపాలి. సింగరేణి స్టాక్ మార్కెట్‌లో నమోదు కానందున ఈ నియమం దానికి తప్పనిసరి కాదు. అయినా ప్రజల సొమ్ముతో నడిచే సంస్థగా ఇటువంటి లెక్కను స్వయంగా ప్రకటించడం సమంజసం. కాంట్రాక్టు కార్మికుల ప్రమాదాలు, వైద్యం, శిక్షణ, సేవాకాలం కూడా ఆ లెక్కలో చేరాలి.

గని కుటుంబాల స్త్రీల శ్రమ, తొలగింపునకు గురైన కార్మికుల తదనంతర జీవితం, కాంట్రాక్టు కార్మికుల రెండవ తరం అన్నవి మౌఖిక చరిత్ర పద్ధతిలో అధ్యయనం చేయదగిన అంశాలు. గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకొన్న తరం వృద్ధాప్యంలో ఉంది. తట్టా చెమ్మస్సులతో బొగ్గు నింపినవారి జ్ఞాపకాలను నమోదు చేయడానికి మిగిలిన వ్యవధి కొద్దిగానే ఉన్నందున, విశ్వవిద్యాలయాల చరిత్ర, వాణిజ్య, సమాజశాస్త్ర శాఖలు కలిసి ఈ పనికి పూనుకోవలసి ఉంది.